ఉప్పు చప్పుడు

మా బావకి ట్రాన్స్‌ఫార్మర్ అంటే భయం. ఆపరేటర్‌గా చేరి పన్నెండేళ్ళయినా ఆ భయం పోలేదు. గంటకోసారి యార్డులోకెళ్ళి, దాని పక్కన నిలబడి, ఆయిల్ ఎంత వేడిగా ఉందో, లోపల రాగి తీగ చుట్టలు ఎంత వేడెక్కేయో మీటర్లు చూసి కాయితం మీద రాసుకురావడం అతని పని. వెళ్ళేటప్పుడు కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్తాడు, వచ్చేటప్పుడు ఎవరో తరుముతున్నట్టు వస్తాడు. అతను మా చెల్లి మొగుడు. ఒకళ్ళనొకళ్ళం బావా అనే పిలుచుకుంటాం. ఆ భయాన్ని పట్టుకుని నేను ఏళ్ళ తరబడి అతన్ని ఏడిపించేను. ఇది రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తాను.

నాది టెస్టింగ్ పని. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. కూర్మన్నపాలెం దాటి సముద్రం వైపు వెళ్తే మా సబ్‌స్టేషన్ వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ నడుస్తూండగానే దాని ఒంట్లో ఎలాగుందో కనిపెట్టడం మా వంతు. మాటిమాటికీ ఆపి విప్పి చూస్తానంటే ఎవరూ ఒప్పుకోరు. అంచేత కాస్త నూనె సీసాలోకి తీసి, అందులో ఏ గ్యాసులు పుట్టేయో చూడమని లేబొరేటరీకి పంపుతాం. వేడిని చూపించే కెమేరాతో జాయింట్లు చూస్తాం. మిగతాది చెవి. ఎప్పుడూ ఒకేలాగ మూలుగుతూ ఉండేది కాస్త మూలుగు మారిస్తే మాకు తెలిసిపోతుందని మా ధీమా.

దాని నెత్తిమీద పింగాణీ కొమ్ముల్లాగ నిలబడి ఉంటాయి చూడండి, వాటిని బుషింగులంటారు. లైన్లో కరెంటు వాటిగుండానే లోపలికి దిగుతుంది. ఒక్కో బుషింగు మొదట్లో బొడిపె లాంటి టెస్ట్ పాయింటు ఒకటుంటుంది, దానికి ఇత్తడి మూత. షట్‌డౌన్ ఇచ్చినప్పుడు ఆ మూత విప్పి, మా మెషీన్ వైరు తగిలించి, బుషింగు లోపల కాయితమూ నూనే పాడయ్యేయా లేదా అని కొలుస్తాం. కొలిచేక మూత మళ్ళీ బిగించాలి. ఆ పాయింటుని ఎర్త్‌కి కలిపేది ఆ మూతే. అది లేకుండా కరెంటు ఇస్తే లోపల నిప్పురవ్వలు మొదలవుతాయి. గంటకి పేలొచ్చు, నెలకి పేలొచ్చు. పేలిందంటే పింగాణీ పెంకులు కత్తుల్లాగ వస్తాయి, వెనకాలే మండే నూనె వస్తుంది. పక్కనున్న మనిషి మిగలడు. మా పనిలో చేరినవాడికి మొదటిరోజు చెప్పే పాఠం ఇదే.

నాకు పని నేర్పిన ముసలాయన ఇంకో రూలు పెట్టేడు. మూతలు జేబులో ఉండగా టీ తాగకూడదు. మూత విప్పినవాడే మూత బిగించాలి, బిగించేదాకా నిచ్చెన దిగకూడదు, దిగేక గానీ టీ ముట్టుకోకూడదు. ఆయన రిటైరై వెళ్ళిపోయినా మా గ్యాంగులో అందరం అది పాటించేవాళ్ళం. పైన పనవుతుంటే కింద టీ చల్లారిపోయేది, ఎవరూ దిగేవాళ్ళం కాదు.

ఇక ఉప్పు సంగతి. మాది సముద్రం గాలి. ఆ గాలితో వచ్చిన ఉప్పు పింగాణీ మీద పేరుకుంటుంది, పొద్దున్న మంచుకి తడుస్తుంది, అప్పుడు ఆ తడి మీద కాస్త కరెంటు పాకి పైనుంచి చిటచిటమని చప్పుడొస్తుంది. చేరిన కొత్తలో బావ ఆ చప్పుడు విని కంట్రోల్ రూములోకి పరిగెత్తుకొచ్చేసేడు. నాకు ఫోన్ చేసేడు. ఉన్న పని ఒగ్గేసి వెళ్ళి చూస్తే ఏముంది, ఉప్పే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సముద్రం ఒడ్డున పుట్టినావు, ఎండుసేపల మద్దిలో పెరిగినావు. ఉప్పు సంగతి నీకు నాను సెప్పాలేటి బావా?" అన్నాను.

గదిలో అందరూ నవ్వేరు. మాదీ వేటకెళ్ళే ఇల్లే, మా నాన్నా వాళ్ళ నాన్నా ఒకే తీరంలో తెప్పలు దింపినవాళ్ళే, అంచేత నేనలాగ అంటే తప్పుకాదనుకున్నాను. అతనూ నవ్వేడు. ఆ తరవాత ఇంకో నాలుగైదుసార్లు ఫోన్ చేసేడు, నేను నాలుగైదుసార్లూ ఆ ఎండుచేపల మాటే అన్నాను. తరవాత చెయ్యడం మానేసేడు. అబ్బో, మా బావకి ధైర్యం వచ్చిందని ఇంట్లో మా చెల్లితో కూడా చెప్పేను.

కిందటేడు ఒక కొత్త పద్ధతి తెచ్చేరు. ఆ టెస్ట్ పాయింట్లోనే సెన్సార్ బిగించేసి, ట్రాన్స్‌ఫార్మర్ నడుస్తూండగా రోజంతా కొలిచే పెట్టె. ఎవడికి కావాలి ఆ పెట్టె, మేం చచ్చేమా అని నేను విసుక్కున్నాను. పెట్టె పెట్టేముందు బుషింగులు ఒకసారి కొలిచి పెట్టుకోవాలని మా రెండో ట్రాన్స్‌ఫార్మర్‌కి షట్‌డౌన్ ఇచ్చేరు. నిచ్చెనెక్కి మూడు ఫేజుల మూతలూ ఒకేసారి విప్పేను. ఒకటి విప్పి, కొలిచి, బిగించి రెండోదానికి వెళ్ళాలి. అలాగైతే ఎక్కువసేపు పడుతుందని మూడూ విప్పి ప్యాంటు జేబులో వేసుకున్నాను. మొదట ఆ చివరిది, తరవాత ఈ చివరిది కొలిచి మూతలు పెట్టేను. ఆఖర్న మధ్యలోది మిగిలింది, వై ఫేజు అంటాం. దాన్ని కొలిచేను, వైరు తీసేను. అప్పటికే సముద్రం మీంచి మబ్బు కమ్ముకొచ్చేసింది.

"బావా, దిగవేటి? టీ సల్లారిపోతంది. వాన కూడా వచ్చేత్తంది" అని కిందనుంచి మా బావ పిలిచేడు.

దిగేను. ఎందుకు దిగేనో ఇప్పటికీ తెలీదు. రెండు గుక్కలు తాగి ఎక్కేద్దాం అనుకున్నానేమో. టీ తాగుతూండగా చినుకులు మొదలయ్యేయి, మెషీన్ తడిసిపోతుందని అందరం దాని మీద పడ్డాం, టార్పాలిన్ కప్పేం, మోసుకుపోయేం. ఇంజినీర్ గారు వచ్చి అయిపోయిందా అనడిగేరు. అయిపోయింది సార్ అన్నాను. అన్నీ ఎప్పట్లాగే బిగించేం అని కాయితం మీద సంతకం కూడా పెట్టేను. సాయంత్రానికి ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు ఇచ్చేరు. కెమేరాతో కిందనుంచి చూసేను, పైన జాయింట్లన్నీ చల్లగా ఉన్నాయి. ఆ బొడిపె బుషింగుకి వెనకవైపుంటుంది, నేను నిలబడ్డ చోటికి కనపడదు. వానలో తడుస్తూ దువ్వాడలో ఇంటికెళ్ళిపోయేను. హాయిగా నిద్రపోయేను కూడా.

మర్నాడు నాకు సెలవు. పొద్దున్న ఎనిమిదింటికి పేపరు చూస్తూ కూచున్నాను. మా ఆవిడ బట్టలు మిషన్లో వెయ్యబోతూ జేబులు దులిపింది.

"ఏటండీ ఇది? ఇనపముక్కలు జేబులో ఎట్టీసుకుని వచ్చెత్తారు. మిషన్లో పడుంటే ఏటయ్యేది?" అంటూ నా చేతిలో పెట్టింది.

ఇత్తడి మూత. గుండ్రంగా, బొటనవేలంత. చూసేక కాసేపు నాకేమీ అర్థం కాలేదు. పేపరు పక్కన పడేసి దాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూసేను.

ఇది పాత మూతేమో, సామాన్ల పెట్టెలోంచి తీసిన ఎగస్ట్రా మూతేమో అనుకున్నాను. వై ఫేజు మూత నేను బిగించేను కదా, స్పానరుతో ఆఖరి తిప్పు తిప్పేను కదా అని గుర్తు తెచ్చుకుందామని చూసేను. బిగిస్తున్నట్టే కనిపించింది. కానీ అది నిన్నటిదో, పోయినేటిదో, ఏ సబ్‌స్టేషన్‌దో చెప్పలేను. ఇన్నేళ్ళుగా అవే చేతులు, అదే తిప్పు. రెండు మూతలు పెట్టింది బాగా గుర్తుంది. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి టీ గ్లాసే కనిపిస్తోంది.

బావది ఆరింటి షిఫ్టు. గంటకోసారి వెళ్ళి దాని కింద నిలబడతాడు.

అతని సెల్లుకి చేసేను, స్విచాఫ్. యార్డులోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, షిఫ్టు ఎక్కగానే లాకర్లో పెట్టేస్తారు. కంట్రోల్ రూము ఫోనుకి చేసేను, మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసేను. ఎవరూ లేరంటే యార్డులో ఉన్నాడన్నమాట. ఇంకెవరికి చెయ్యాలో నాకు తెలుసు. ఇంజినీర్ గారికి ఒక్క మాట చెబితే రెండు నిమిషాల్లో అది ఆగిపోతుంది. నంబరు నొక్కేను. మోగకముందే కట్ చేసేసేను.

ఇక్కడ అబద్ధమాడి లాభం లేదు. ఉద్యోగం గుర్తొచ్చింది. నేను పెట్టిన సంతకం గుర్తొచ్చింది. ఇన్నేళ్ళుగా అందరికీ పాఠాలు చెప్పినవాణ్ణి, మూత జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేడట అని నా వెనకాల నవ్వుతారే అనుకున్నాను. ముందు నేనే వెళ్ళి, బావని బయటికి లాగి, చెవితో విని, అప్పుడు చూద్దాంలే అనుకున్నాను. మా ఆవిడ ఏటయ్యింది, మొహం అలాగైపోయిందేటి అని అడుగుతూండగానే మూత చొక్కా జేబులో వేసుకుని బండి తీసేను.

రోడ్డు నిండా ట్రెయిలర్లు. ఇనప చుట్టలు వేసుకుని పాకుతున్నాయి, దాటనివ్వవు. తొమ్మిదికి మళ్ళీ రీడింగు తియ్యడానికి వెళ్తాడని గుర్తొచ్చింది, టైము చూస్తే తొమ్మిదికి పావుగంట తక్కువ. జేబులో మూత గుండెకి తగులుతూ ఉంది. హారన్ కొడుతూనే ఉన్నాను, ఎవడో దిగి వచ్చి తిట్టేడు కూడా, ఏం తిట్టేడో వినలేదు.

కూర్మన్నపాలెంలో మా చెల్లి ఇల్లు రోడ్డు పక్కనే. గేటు దగ్గర కూరగాయల బండి ఆపి బేరమాడుతోంది. నన్ను చూసి చెయ్యూపింది.

"అన్నియ్యా, ఇడ్లీలున్నాయి, తినెల్లు. ఏటలా ఎల్లిపోతన్నావ్?" అని అరిచింది.

ఆగలేదు. ఓ యాభై గజాలు ముందుకెళ్ళేక బండి దానంతటదే ఆగిపోయినట్టయింది. నేనే బ్రేకు వేసేను. అద్దంలో మా చెల్లి ఇంకా ఇటే చూస్తోంది, చేతిలో బెండకాయలు పట్టుకుని. దాని మొగుడు అక్కడ ఆ బుషింగు కింద నిలబడి ఉంటే నేనిక్కడ పరువు చూసుకుంటున్నాను. నామీద నాకే అసహ్యమేసింది. ఫోన్ తీసి ఇంజినీర్ గారికి చేసేను.

"సార్, రెండో ట్రాన్స్‌ఫార్మర్ ఆపించండి. బుషింగు మూత ఒకటి నా దగ్గరుండిపోయింది."

"ఏ ఫేజు?" అన్నారు.

"వై అనుకుంటాను సార్."

"యార్డులో ఎవరున్నారు?"

"మా బావ సార్" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేసేరు.

మిగతా దారి ఎలా వెళ్ళేనో తెలీదు. గేటు దగ్గర సెక్యూరిటీ బండి ఆపి కార్డు చూపించమన్నాడు. జేబులో వెతుకుతూండగా లోపల్నుంచి ఢామ్మని మోత వినిపించింది.

కరెంటు ఆపడానికి బ్రేకరు తెరిచినా మోత వస్తుంది. బుషింగు పేలినా మోత వస్తుంది. ముప్ఫయ్యేళ్ళుగా ఈ చెవుల్ని నమ్ముకుని బతికినవాణ్ణి, ఆ మోత ఏదో నాకు తెలీలేదు. గోడ మీదుగా పొగ లేస్తుందేమోనని చూసేను. ఆకాశం వానకి కడిగినట్టుంది, పొగ లేదు. నూనె అంటుకుని పొగ లేవడానికి కొంచెం టైము పడుతుంది కదా అని మళ్ళీ చూసేను. సెక్యూరిటీవాడు ట్రిప్పయిపోనాదేటి అని తాపీగా అడుగుతున్నాడు. కార్డు, బండి అక్కడే ఒగ్గేసి పరిగెత్తేను. పరిగెడుతూ మా చెల్లికి ఏమని చెప్పాలో మాటలు వెతుక్కుంటున్నాను. ఆ సంగతి దానికి ఇంతవరకూ చెప్పలేదు.

యార్డు గేటు దగ్గర కంకరలో కూలబడి ఉన్నాడు బావ. కాయితాల అట్ట పక్కన పడిపోయుంది. ఒంటి మీద ఎక్కడా రక్తం లేదు. చేతులు చూసేను, మొహం చూసేను, మళ్ళీ చేతులు చూసేను.

"సెప్పకుండా ట్రిప్ సేసీసారేటి బావా? గుండెకాయ్ ఆగిపోనాది" అన్నాడు.

చంకల్లో చేతులేసి లేపి, కంట్రోల్ రూములోకి లాక్కుపోయి, కుర్చీలో కూలేసి తలుపు వేసేసేను. అతనే లేచి నాకు మంచినీళ్ళిచ్చేడు.

లైను విడదీసి, ఎర్త్ వేసేక ఇంజినీర్ గారు నన్నే ఎక్కమన్నారు. వై ఫేజు బొడిపెకి మూత లేదు. దాని నోరు మసిబొగ్గయిపోయి ఉంది, కాలిన నూనె కంపు. లోపల్నుంచి నూనె ఊరి, కింద వరకూ జారింది. పింగాణీ మొదట్లో వెంట్రుకవాసి బీట. ఆయన కూడా ఎక్కి చూసేరు. పేలకుండా ఇంకెంతసేపు ఆగేదో నేనడగలేదు, ఆయనా చెప్పలేదు. జరిగింది జరిగినట్టు రాసిమ్మన్నారు, రాసిచ్చేను. కొన్నాళ్ళు నన్ను నిచ్చెనెక్కనివ్వలేదు, అది కూడా న్యాయమే.

రాస్తున్నప్పుడు టైములు కావాలని ఆ రోజు లాగ్ షీటు తెప్పించుకున్నాను. రాత్రి షిఫ్టాయన ఏమీ రాయలేదు, వాన హోరులో వినపడి ఉండదు. తరవాతవి మా బావ చేతిరాతలో ఉన్నాయి. ఆరింటి దగ్గర, పైన చిన్న శబ్దం, ఉప్పు, అని ఉంది. ఏడింటి దగ్గర, శబ్దం పెరిగింది, ఉప్పు కావచ్చు. ఎనిమిదింటి దగ్గర, బాగా పెరిగింది, వై ఫేజు కిందకెళ్ళి పది నిమిషాలు విన్నాను, ఉప్పే.

ఆ పది నిమిషాలే నేను కంట్రోల్ రూముకి ఫోన్ చేస్తున్నవి. కాయితం మీద అక్షరాలు నాకు అలికేసినట్టు అయిపోయేయి.

"అంత సప్పుడొత్తంటే ఫోన్ సెయ్యలేదేటి బావా?" అనడిగేను.

అతను కంట్రోల్ రూము కిటికీలోంచి యార్డు వైపు చూస్తూ కూచున్నాడు.

"సేద్దారనే అనుకున్నాను. రాత్తిరంతా వాన కురిసింది కదా, అంత వానకి ఉప్పు నిలవదు కదా అని కూడా అనుకున్నాను. మా అమ్మ సేపలు ఎండెడితే ఒక్క జల్లుకే ఉప్పంతా ఎల్లిపోద్ది. కానీ నువ్వు నవ్వుతావు బావా. అందుకే భయమేసినా దగ్గరికెల్లి నిలబడ్డాను" అన్నాడు.

నాకు తట్టలేదు ఆ సంగతి. వాన కడిగేసిన పింగాణీ మీద ఉప్పు ఎక్కడిది? నా టీ చెడగొట్టిన వానే అతనికి నిజం చెప్పింది. అతను విన్నాడు కూడా. నేను నవ్వుతానని దాని కిందకెళ్ళి నిలబడ్డాడు. ఆ గదిలో అందరి ముందూ ఏడ్చేసేను.

ఇప్పుడు ఆ పెట్టె పెట్టేరు. మూడు ఫేజుల సెన్సార్లు బిగించింది నేనే, ఒకటి విప్పి ఒకటి బిగించి. బావకి నేనే చెప్పేను, ఏ చప్పుడైనా సరే, ఏ వేళైనా సరే, ముందు బయటికొచ్చెయ్, తరవాత నాకు ఫోన్ చెయ్ అని. చేస్తున్నాడు. మొన్న కూడా చేసేడు, అన్నం ముందు కూచున్నాను.

"బావా, సప్పుడొత్తంది. పెట్టె బాగానే సూపిత్తంది. ఉప్పేననుకో" అన్నాడు.

"గేటు బయట కూకో. వచ్చేత్తన్నాను" అని కంచం పక్కన పెట్టి వెళ్ళేను. కెమేరాతో చూసేను, చెవితో విన్నాను. ఉప్పే. ఉప్పే బావా అన్నాను, అంతకుమించి ఒక్క మాట అనలేదు. గోడ పక్కన కూచున్నాం. ఫ్లాస్కులోంచి టీ పోసి నాకివ్వబోయి ఆగేడు, రెండో చేత్తో నా జేబులు తడిమి చూసి, అప్పుడిచ్చేడు.